పాత కారుకి పరీక్ష

మీ బాబాయి కారు కొనబోతున్నాడు. కొత్తది కాదు, సెకండ్ హ్యాండ్ కారు. ఆదివారం పొద్దున్నే అమ్మేవాళ్ళ యింటికి వెళ్ళి చూసొద్దామని మిమ్మల్ని కూడా రమ్మన్నాడు. వాకిట్లో తెల్లటి కారు కడిగిన ముత్యంలా నిలబడి వుంది. 2017లో తయారైంది. మీటరు 41,000 కిలోమీటర్లు చూపిస్తోంది. లోపల అగరుబత్తి వాసన, అద్దం దగ్గర చిన్న వినాయకుడి బొమ్మ. బాబాయి కళ్ళు అప్పుడే మెరిసిపోతున్నాయి. ఆయన జేబులో అడ్వాన్సు డబ్బు వుంది. ఆరేళ్ళు చీటీలు కట్టి కూడబెట్టిన డబ్బది.

మీరేం చెయ్యగలరు? చాలా చెయ్యగలరు. మీ జేబులో ఒక అయస్కాంతం, ఒక టార్చిలైటు, ఒక తెల్ల కాగితం వుంటే చాలు. వాటితోపాటు బళ్ళో చదువుకున్న ఫిజిక్సూ, కెమిస్ట్రీ కొంచెం గుర్తుండాలి.

ముందు ఎవరితోనూ ఏమీ అనకుండా వెళ్ళి బానెట్ మీద అరచెయ్యి ఆనించండి. కారు నీడలోనే వుంది గనక రేకు చల్లగా వుండాలి. వెచ్చగా వుందా? అయితే మీరు వచ్చేముందు ఎవరో ఇంజన్ నడిపారన్నమాట. పెట్రోలు పోయించుకుని వచ్చారేమో, అందులో తప్పేమీ లేదు. కాని చల్లబడ్డ ఇంజన్ బయటపెట్టే రోగాలు కొన్ని వేడెక్కిన ఇంజన్ దాచేస్తుంది. అంచేత "ఇంజన్ చల్లారాక స్టార్టు చేసి చూస్తామండీ" అని బాబాయి చేత మర్యాదగా చెప్పించండి. రెండు మూడు గంటలు పడుతుంది. ఈలోగా మనకి బోలెడు పని వుంది.

కారు వెనక మూల దగ్గర వంగి, పక్క తలుపుల మీదుగా ముందుకి చూడండి. రంగు వేసిన రేకు అద్దంలాంటిది. కరెంటు తీగలో, కిటికీ చువ్వలో అందులో ప్రతిబింబిస్తాయి. ఆ గీతలు సాఫీగా వంపు తిరుగుతూ పోతే సరే. ఒకచోట హఠాత్తుగా వంకర పోయి, అలలు అలలుగా కనిపిస్తే అక్కడి రేకు ఒకప్పుడు దెబ్బ తిని, మళ్ళీ సరిచేయబడి వుండొచ్చు. తిరనాళ్ళలో మిమ్మల్ని పొట్టిగా, లావుగా చూపించే అద్దం వుంటుంది చూశారూ, అదే సూత్రం. కంటికి తెలియని చిన్న సొట్టని కూడా ప్రతిబింబం పెద్దది చేసి చూపిస్తుంది.

ఇప్పుడు అయస్కాంతం తియ్యండి. గీతలు పడకుండా దాన్ని పల్చటి గుడ్డలో చుట్టి, అనుమానం వచ్చిన చోట ఆనించండి. ఫ్యాక్టరీలో వేసిన రంగు పొరలన్నీ కలిపినా మందం మిల్లీమీటరులో పదోవంతు, కొంచెం అటూ యిటూ. అంత పల్చటి పొరలోంచి అయస్కాంతం యినుప రేకుని గట్టిగానే పట్టుకుంటుంది. సొట్ట పడ్డ చోటయితే టింకరింగ్ షాపులో రేకుని సుత్తితో కొట్టి, గుంట మిగిలినంత మేరా పుట్టీ నింపి, పైన రంగు కొడతారు. పుట్టీ రెండు మూడు మిల్లీమీటర్లు కూడా వుండొచ్చు. దూరం కొంచెం పెరిగినా అయస్కాంతం పట్టు చాలా త్వరగా సడలిపోతుంది. అంచేత అక్కడ అది జారిపోతుంది.

నా మాట నమ్మక్కర్లేదు, యింట్లోనే చూడండి. ఫ్రిజ్జికి అంటించే అయస్కాంతం ఒకటి తీసుకుని యినుప బీరువా మీద పెట్టండి. మధ్యలో పాత శుభలేఖలు ఒక్కొక్కటే చేర్చుకుంటూ పొండి. ఎన్నో శుభలేఖ దగ్గర అయస్కాంతం జారిపోయిందో రాసుకోండి. తరవాత అవే శుభలేఖలు యిరవై ఒకదానిమీదొకటి పేర్చి, స్కేలుతో ఎత్తు కొలిచి, యిరవైతో భాగించండి. ఒక శుభలేఖ మందం వస్తుంది. దాన్నిబట్టి మీ అయస్కాంతం ఎన్ని మిల్లీమీటర్ల దూరం దాకా పనిచేస్తుందో తేలిపోతుంది. ఇప్పుడు మీ దగ్గరున్నది ఉత్త అయస్కాంతం కాదు, కొలత తెలిసిన పరికరం.

ఒక జాగ్రత్త. బంపర్లు ప్లాస్టిక్‌వి, వాటికి అయస్కాంతం ఎలాగూ అంటదు. కొన్ని కార్లకి బానెట్ అల్యూమినియంతో చేస్తారు. అక్కడ అంటలేదని అమ్మేవాళ్ళ మీద విరుచుకు పడకండి. అసలు మన రోడ్లమీద తిరిగిన ఏ కారుకైనా ఒకటో రెండో చోట్ల పుట్టీ వుంటుంది. తలుపుమీద పుట్టీ పెద్ద నేరం కాదు. తలుపుల మధ్య నిలబడే స్తంభాల మీదా, బానెట్ ఎత్తితే ముందువైపు కనిపించే పొడుగాటి యినుప దూలాల మీదా అతుకులూ కొత్త వెల్డింగులూ కనిపిస్తే ఆలోచించాలి. కారు ముందుభాగం గుద్దుకున్నప్పుడు ముడుచుకుపోయి, ఆ దెబ్బలోని శక్తిని తాను మింగేటట్లుగా తయారుచేస్తారు. ఒకసారి ముడుచుకుని, లాగి సాపు చేసిన దూలం రెండోసారి కూడా అలాగే ముడుచుకుంటుందని ఎవరూ హామీ యివ్వలేరు.

సరే, యిక మీటరు సంగతి. 41,000 కిలోమీటర్లు! బాబాయికి బాగా నచ్చిన అంకె అదే. కాని మీటర్లో అంకె తగ్గించడం కష్టం కాదు. పాతకాలపు మీటర్లో పళ్ళచక్రాలుండేవి, వాటిని వెనక్కి తిప్పేవాళ్ళు. ఇప్పటి మీటర్లో అంకె ఒక చిప్‌లో దాగి వుంటుంది, దాన్నీ చెరిపి రాయగల ఘనులున్నారు. అంచేత మీటరు చెప్పేదాన్ని ఒక సాక్షి వాంగ్మూలంగా తీసుకుందాం. మిగతా సాక్షుల్ని కూడా విచారిద్దాం.

టైరు పక్కన చూడండి. నాలుగంకెల సంఖ్య ఒకటి అచ్చొత్తి వుంటుంది. ఇక్కడ 1423 అని వుంది. అంటే 2023వ సంవత్సరం పధ్నాలుగో వారంలో తయారైన టైరన్నమాట. కారు 2017 నాటిది గనక యివి మొదటి టైర్లు కావు. మంచి రోడ్డు మీద ఒక జత సుమారు నలభై, యాభై వేల కిలోమీటర్లు వస్తుంది. మొదటి టైర్లు అరిగిపోయి, రెండోవి కూడా సగం అరిగాయంటే 41,000 లెక్క ఎలా కుదురుతుంది?

"దొరికాడు దొంగ!" అని తొందరపడకండి. రబ్బరు వాడకపోయినా ముసలిదవుతుంది. ఎండకీ, గాలిలోని ఆక్సిజనుకీ గట్టిపడి పగుళ్ళు వేస్తుంది. జాగ్రత్తపరుడైన మనిషి అరగకపోయినా ఐదారేళ్ళకి టైర్లు మార్పించి వుండొచ్చు. ఒక్క సాక్షితో కేసు నిలవదు. బ్రేకు పెడలు మీది రబ్బరు చూడండి. దానిమీది గాడులు చెరిగి నున్నగా అయిపోయాయా? డ్రైవరు సీటుకి తలుపు వైపు అంచు కుంగిపోయిందా? స్టీరింగ్ చక్రం పైభాగం అరిగి మెరుస్తోందా? చివరికి సర్వీసు రికార్డు అడగండి. సర్వీసుకి వెళ్ళిన ప్రతిసారీ వర్కుషాపువాళ్ళు తేదీ, కిలోమీటర్లు రాసుకుంటారు. ఇవన్నీ ఒకదానితో ఒకటి సంబంధం లేని సాక్షులు. పెడలు రబ్బరుకి టైరు ఏం చెప్పిందో తెలియదు, వర్కుషాపు పుస్తకానికి సీటు సంగతి తెలియదు. అయినా నాలుగూ ఒకే మాట చెప్పి, మీటరు ఒక్కటే వేరే మాట చెబితే ఎవర్ని నమ్మాలో మీకు తెలుసు.

టైరు దగ్గరే వున్నాం గనక యింకొకటి. రెండంచులూ అరిగి మధ్య బాగుంటే గాలి తక్కువగా నడిపారు. మధ్య అరిగితే గాలి ఎక్కువైంది. ఒకే అంచు అరిగితే చక్రం నిటారుగా, సూటిగా లేదు. అది వీల్ ఎలైన్‌మెంటుతో పోయే జబ్బో, గుద్దుకోవడం వల్ల వచ్చిన వంకరో మెకానిక్కు తేల్చాలి.

ఇప్పుడు కారు లోపలికి రండి. అగరుబత్తి వాసన సంగతి నాకు మొదటినుంచీ అనుమానంగానే వుంది. ఎందుకో చెబుతాను. చాలా ఏళ్ళ క్రితం నేనొక కారు కొన్నాను. లోపల ఘుమఘుమలాడే సెంటు వాసన. మా యింట్లో అందరూ ముచ్చటపడ్డారు. తొలకరి వాన పడిన వారానికి సెంటు వాసన పోయి చెరువు గట్టు వాసన మొదలైంది. మరో నెలకి వాన లేకపోయినా అద్దం తుడిచే వైపర్లు వాటంతటవే ఆడటం మొదలెట్టాయి. పిల్లలు నవ్వారు గాని నాకు నవ్వు రాలేదు. అది వరదలో మునిగిన కారు.

2015 డిసెంబరులో చెన్నైలో, 2020 అక్టోబరులో హైదరాబాదులో, 2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు పొంగి విజయవాడలో పేటలకి పేటలే నీళ్ళలో వున్నాయి. వీధుల్లో నిలిపిన వాహనాలు అలాగే మునిగిపోయాయి. నీళ్ళు తీసేశాక కారుని కడిగి, ఆరబెట్టి, సీటు కవర్లు మార్చి, మరో వూళ్ళో అమ్మకానికి పెడితే చూసేవాడికి ఏం తెలుస్తుంది? కొన్నిసార్లు అమ్మేవాడికే తెలియదు, అతనూ అలాగే కొనివుంటాడు.

ఆరిపోయాక యింక నష్టమేమిటి అని మీరడగొచ్చు. ఇది కొంచెం శ్రద్ధగా వినండి. కారు నిండా వైర్లుంటాయి, అవి కలిసే చోట ప్లగ్గులుంటాయి. ఒక్కో ప్లగ్గులో పక్కపక్కనే సన్నటి లోహపు పుల్లలు. ఒకదానికి బ్యాటరీ నుంచి 12 వోల్టులు వస్తుంటే పక్కది సున్నా దగ్గర వుంటుంది. వరద నీరు శుద్ధమైన నీరు కాదు, అందులో లవణాలున్నాయి. అంటే ఆ ప్లగ్గు మీ ప్రయోగశాలలో చూసిన విద్యుద్విశ్లేషణ పాత్ర అయిపోయింది! ధన ధ్రువమైన పుల్లనుంచి రాగి అణువులు అయానులుగా మారి నీళ్ళలోకి పోతాయి. పచ్చటి పొక్కు మిగులుతుంది. నీరు ఆరినా లవణాలు అక్కడే వుంటాయి. మళ్ళీ వానాకాలంలో అవి గాలిలోని తేమని పీల్చుకుంటాయి, ఆగిన పని మళ్ళీ మొదలవుతుంది. అంచేతే వరద కారు కొన్నరోజునే కాకుండా ఆర్నెల్లకో, ఏడాదికో మొరాయిస్తుంది. నా వైపర్ల కథ యిదే.

వైపర్లతో పోతే సంతోషమే. కారు గుద్దుకుంటే ఎయిర్‌బ్యాగు విచ్చుకోవాలని నిర్ణయించే చిన్న పెట్టె చాలా కార్లలో ముందు సీట్ల మధ్య, నేలకి దగ్గరగా వుంటుంది. నీళ్ళు కారులోకి వస్తే మొదట తడిసేవాటిలో అదొకటి.

దీన్ని ఎలా పట్టుకోవాలి? సీటుబెల్టుని చివరికంటా బయటికి లాగండి. కడిగేవాళ్ళు సాధారణంగా పైకి కనిపించే మూరెడే కడుగుతారు. చుట్ట లోపలి భాగంలో బురద మరక, అడ్డంగా ఒక గీతలా నిలిచిపోతుంది. సీటు కింద టార్చి వేసి పట్టాలూ, బోల్టులూ చూడండి. ఎనిమిదేళ్ళ కారులో అక్కడ దుమ్ము వుండాలి, తుప్పు వుండకూడదు. తివాచీ మూల ఎత్తి కింది స్పాంజిని నొక్కండి, వాసన చూడండి. డిక్కీలో స్టెప్నీ తీసి దాని గుంట తడమండి. సన్నటి ఒండ్రు వేళ్ళకి అంటితే అది ఎక్కణ్ణించి వచ్చిందో వాళ్ళే చెప్పాలి. హెడ్‌లైటు అద్దం లోపల నీటి మరకలు కూడా చూడండి.

తరవాత తాళం తిప్పి, ఇంజన్ స్టార్టు చెయ్యకుండా, మీటరు పక్కన వెలిగే దీపాల వరస చూడమనండి. ఎయిర్‌బ్యాగు గుర్తున్న దీపం కొన్ని సెకన్లు వెలిగి ఆరిపోవాలి. ఆరకపోతే లోపం వున్నట్టు. అసలు వెలగకపోతే? "దీపం లేదు గనక లోపం లేదు" అనుకునేరు! ఆ దీపం తన్ను తాను పరీక్షించుకున్నట్టు మనకి చెప్పడానికే వెలుగుతుంది. అది వెలగడం లేదంటే ఎవరో దాని నోరు నొక్కి వుండొచ్చు. దీపం వెలగని కారుని మెకానిక్కు చూసేదాకా కొనవద్దని బాబాయికి గట్టిగా చెప్పండి. ఈ ఒక్క విషయంలో ఆయన మొహమాటపడకూడదు.

ఈపాటికి ఇంజన్ చల్లారి వుంటుంది. బానెట్ ఎత్తించండి. ర్యాడియేటరు మూత మాత్రం మీరు ముట్టుకోవద్దు, పెద్దవాళ్ళని కూడా ఇంజన్ పూర్తిగా చల్లారాకే తియ్యమనండి. అది ప్రెషర్ కుక్కర్ లాంటిది. లోపల ఒత్తిడి ఎక్కువ గనక నీళ్ళు 100 డిగ్రీలు దాటినా మరగవు. మూత తీయగానే ఒత్తిడి పడిపోయి ఒక్కసారిగా ఆవిరై ముఖం మీదికి ఎగజిమ్ముతాయి.

ఆయిల్ గేజి బయటికి తీసి తెల్ల కాగితం మీద తుడవండి. ఇంజనాయిల్ నల్లగా వుందని భయపడేవాళ్ళున్నారు. మసిని తనలో కలుపుకోవడం ఆయిల్ చేసే పనుల్లో ఒకటి, నలుపు జబ్బు కాదు. పాలు కలిపిన కాఫీ రంగులో, మీగడలా వుంటే మాత్రం జబ్బే. నూనె, నీరు కలవవు గాని గిలక్కొడితే సన్నటి బిందువులుగా ఒకదానిలో ఒకటి చేరి తెల్లగా కనిపిస్తాయి. ఇంజన్ని చల్లబరిచే నీళ్ళు హెడ్ గాస్కెట్ దాటి నూనెలోకి వస్తున్నాయేమో చూడాలి. రోజూ అరకిలోమీటరు మాత్రమే తిరిగే కారుకి మూత అడుగున కాస్త తెల్లటి నురుగు చేరడం మామూలే, గేజి మీద వుంటేనే అసలు బెంగ.

ఇప్పుడు స్టార్టు చెయ్యమని మీరు కారు వెనక, కొంచెం పక్కగా నిలబడండి. ఇదంతా ఆరుబయటే చెయ్యాలి. ఆ పొగలో రంగూ వాసనా లేని కార్బన్ మోనాక్సైడ్ అనే విషం వుంటుంది. చలికాలం పొద్దున సైలెన్సర్ నుంచి తెల్లటి ఆవిరి, నాలుగు నీటి చుక్కలు వస్తే కంగారు పడకండి. పెట్రోలులోని హైడ్రోజను మండితే వచ్చేది నీరే. లెక్క వేసి చూస్తే ఒక లీటరు పెట్రోలుకి దాదాపు ఒక లీటరు నీరు పుడుతుంది! నమ్మశక్యంగా లేదు కదూ? ఆక్టేన్‌కి సమీకరణం రాసి మీరే లెక్క కట్టండి. లీటరు పెట్రోలు బరువు ముప్పాతిక కిలో అనుకోండి.

ఇంజన్ వేడెక్కినా దట్టమైన తెల్ల పొగ ఆగకపోతే కూలెంటు సిలిండరులోకి వచ్చి కాలుతోందని అనుమానించాలి. నల్ల పొగ అయితే పెట్రోలు సరిగా కాలక మసి వస్తోంది. నీలి పొగ అయితే ఇంజనాయిల్ కాలుతోంది. ఆ నూనె బిందువులు ఎంతో సన్నవి, వెలుగులోని నీలి భాగాన్ని ఎక్కువగా చెదరగొడతాయి. ఆకాశం నీలంగా కనిపించడానికి మీరు చదివిన కారణానికి యిది దగ్గర చుట్టం. స్టార్టు చేసిన క్షణంలో మాత్రమే నీలి పొగ బుస్సుమని వచ్చి పోతే రాత్రంతా వాల్వుల పక్కనుంచి నూనె కిందికి జారిందన్నమాట. ఇదే వేడి ఇంజన్ దాచేసే రోగం. మనం ఆగిన రెండు గంటలూ వృథా పోలేదు. ఎప్పుడు యాక్సిలేటరు తొక్కినా నీలి పొగ వస్తుంటే రింగులు అరిగివుండొచ్చు, అది పెద్ద ఖర్చు.

కాగితాల పని పెద్దవాళ్ళకి వదిలేద్దాం గాని ఒక్కటి మీరే చెయ్యండి. ఆర్.సి.లో వున్న ఛాసిస్ నంబరు చదవండి, కారుమీద చెక్కిన నంబరుతో ఒక్కో అక్షరమూ పోల్చండి. పిల్లల కళ్ళు యిందుకు బాగా పనికొస్తాయి. బ్యాంకు అప్పు తీరిందా అన్నది కూడా ఆర్.సి.లోనే తెలుస్తుంది.

చివరికి లైసెన్సున్న పెద్దవాళ్ళెవరైనా నడపాలి. కదిలేముందు ఇంజన్ ఆడుతుండగా బ్రేకు పెడలు అరనిమిషం గట్టిగా తొక్కి వుంచమనండి. పాస్కల్ సూత్రం చదివారుగా. బ్రేకు గొట్టాల్లో వున్నది ద్రవం, అది నలగదు గనక పాదం ఒత్తిడి నాలుగు చక్రాలకీ అందుతుంది. పెడలు మెత్తగా స్పాంజిలా వుంటే గొట్టాల్లో గాలి చేరింది, గాలి నలుగుతుంది. మెల్లగా నేలదాకా దిగిపోతే ఎక్కడో ద్రవం కారుతోంది. అలాగయితే కారు కదల్చనే వద్దు. అంతా బాగుంటే ఖాళీ రోడ్డు మీద నెమ్మదిగా బ్రేకు వేయించండి. కారు ఒక పక్కకి లాగుతోందా? గతుకుల మీద ముందునుంచి టకటకా చప్పుడొస్తోందా? రేడియో ఆపించి వినండి. అమ్మేవాళ్ళు పాటలు పెట్టడం నేను చాలాసార్లు చూశాను.

తిరిగొచ్చాక ఏసీ ఆపకుండా కాసేపు కారుని నిలబెట్టి, కింద ఆ తెల్ల కాగితం పరవండి. చుక్కలు పడతాయి. ఏసీ నీళ్ళయితే కాగితం కాసేపటికి ఆరిపోతుంది. నూనె అయితే ఆరదు, వెలుగుకి పట్టుకుంటే మరక మెరుస్తుంది. పచ్చగానో, ఎర్రగానో జిగురుగా వుంటే కూలెంటు కావచ్చు. చుక్క ఎక్కడ పడిందో కాగితం మీదే గుర్తు పెట్టండి. సీటుబెల్టు దగ్గరా, టైరు దగ్గరా, పొగ దగ్గరా చూసినవన్నీ దాని పక్కనే రాసి బాబాయి చేతికివ్వండి. ఆ కాగితం పట్టుకుని ఆయన తనకి తెలిసిన మెకానిక్కు దగ్గరికి కారు తీసుకెళ్ళొచ్చు. అడ్వాన్సు సంగతి ఆ తరవాత మాట్లాడుకోవచ్చు.